పుట్టువెంట్రుకల్లో ఇనుము

హేమావతి తన కొడుకు వెంట్రుకల్ని యంత్రంలో పెట్టింది వాడి గురించి ఏదో తెలుసుకుందామని కాదు. వాటిలో ఏమీ ఉండదన్న గట్టి నమ్మకంతో పెట్టింది.

ఆ ల్యాబులో అదొక అలవాటు. యంత్రానికి మరమ్మతు జరిగినప్పుడల్లా, ఏ గుర్తూ లేని మనిషి నమూనా ఒకటి ముందుగా పెట్టి, అది సున్నా చూపిస్తోందో లేదో సరిచూసుకోవాలి. దాన్ని ఖాళీ నమూనా అంటారు. ల్యాబులో పనిచేసేవాళ్లెవరూ అందుకు పనికిరారు, పొద్దస్తమానం గుర్తు వేసిన ఇనుముతోనే మసులుతుంటారు కాబట్టి. అందుకని వంతులవారీగా ఇంట్లోవాళ్ల గోళ్లో వెంట్రుకలో పట్టుకొస్తారు. ఒకసారి ఎవరో మామగారి మీసం కొస కత్తిరించి తెచ్చారని చాలాకాలం చెప్పుకుని నవ్వుకున్నారు. ఈసారి హేమావతి వంతు. కొండమీద నరసింహస్వామికి పిల్లాడి పుట్టువెంట్రుకలు ఇచ్చి వచ్చి వారమైనా కాలేదు. ఆమెకు అన్నదమ్ములు లేరు గనక పెదనాన్న కొడుకు మేనమామ హోదాలో వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని మొదటి పాయ కత్తిరించాడు. ఆ పాయలోంచి నాలుగు పోగులు దాచుకుంది. పదకొండో నెల పిల్లాడు, తల్లిపాలూ జావా మెత్తగా పిసికిన అన్నమూ తప్ప ఏమీ ఎరగడు. వాడికన్నా ఖాళీ నమూనా ఎక్కడ దొరుకుతుంది?

యంత్రం పేరు జాడ. సన్నటి కాంతిరేఖ ఒకటి వెంట్రుక పొడుగునా నడుస్తుంది. ఏ ముక్క మొలిచినప్పుడు ఒంట్లోకి ఏ ఇనుము చేరిందో చెబుతుంది. ఇనుములో రకాలున్నాయి. గుణం ఒక్కటే, బరువులోనే కాస్త తేడా. శాస్త్రం వాటిని ఐసోటోపులంటుంది. అరుదుగా దొరికే రెండు రకాల్ని, ల్యాబులో యాభై ఏడు, యాభై ఎనిమిది అని పిలుచుకునేవాటిని, తొట్లో పెంచే రాగి మొక్కలకు నీళ్లతో పాటు పోస్తే అవి గింజలోకి చేరతాయి. ఆ గింజ తిన్న మనిషి ఒంట్లో ఎంత ఇనుము నిలిచింది, ఎంత వృథాగా బయటికి పోయింది అన్నది తర్వాత లెక్క తేలిపోతుంది. గుర్తు వల్ల ఒంటికి ఏ హానీ లేదు, అది వట్టి ఇనుమే. రెండూ కలిపే పాళ్లు మారిస్తే ఎన్ని కావాలంటే అన్ని గుర్తులు. ఆ కలపడమే హేమావతి ఉద్యోగం. ఉప్పూ కారం ఎంతెంత వేసిందో వంటమనిషికి గుర్తున్నట్టు, ఏ తొట్టికి ఏ పాళ్లు కలిపిందో ఆమెకు నోటికి వచ్చు.

తెరమీద గీత సున్నా దగ్గరే పడుకోవాలి. అది లేచి నిలబడింది.

హేమావతి ముందు తనని తానే తిట్టుకుంది. చేతులు సరిగా కడుక్కోలేదేమో, పట్టకారు పాతదేమో. అన్నీ మార్చి ఇంకో పోగు పెట్టింది. మళ్లీ అంతే. పోనీ తన ఒంట్లో చేరిన చిటికెడు ఏదో పాల ద్వారా వాడికి పోయిందేమో అనుకుందామన్నా, గీత అందుకు ఒప్పుకోవడం లేదు. వెంట్రుక మొదట్లో తక్కువగా ఉంది, కొసకు వెళ్లేకొద్దీ ఎత్తు. కొస అంటే పాతది, వాడు ఇంకా తన కడుపులో ఉండగా మొలిచింది.

యంత్రం కట్టేసి, ఎవరితోనూ ఒక్క ముక్క చెప్పకుండా ఇంటికి వెళ్లిపోయింది.

ఇంట్లో ఓబులేశు పిల్లాడికి జావ పట్టిస్తున్నాడు. అతను బస్సు డిపోలో మెకానిక్కు. ఆమెకు మేనత్త కొడుకు. చిన్నప్పటి నుంచీ బావా అన్న పిలుపే, పెళ్లయ్యాకా అదే. పిల్లాడి పేరు రుత్విక్ అని పెట్టుకున్నారు గానీ నోరు తిరక్క అందరూ చిన్నోడా అనే అంటారు. వాడి పొట్ట ఎత్తుగా, కాస్త గట్టిగా ఉంటుంది. చొక్కా గుండీ పట్టదు. ఎనిమిదో నెలలో ఆసుపత్రికి తీసుకెళితే, కాలేయం నిండా ఇనుము పేరుకుపోయి ఉందన్నాడు డాక్టరు. ఇనుమును లాగేసే మందు మొదలుపెట్టి, ఆ తర్వాత అడిగిన మొదటి మాట, మీది దగ్గరి సంబంధమా అని.

ఆ కాగితాలు పట్టుకుని హేమావతి పరుగున వెళ్లింది ఇందుమతి మేడం దగ్గరికే. ల్యాబుకు పెద్ద డాక్టర్ ఇందుమతి. ఆవిడ చాలాసేపు చూసి, హేమావతి చెయ్యి పట్టుకుని, "మేనరికం కదమ్మా. ఇలాంటివి వంశంలోంచే వస్తాయి. నీ తప్పేం లేదు" అంది.

నీ తప్పేం లేదన్న మాట తప్పులాగే ఇంట్లోకి వచ్చి కూర్చుంది. ఓబులేశు ఎవరినీ ఏమీ అనలేదు. ఒకసారి మాత్రం పిల్లాడికి మందు ఎక్కుతుండగా, "మనం చేసుకోకుండా ఉండాల్సింది హేమా" అన్నాడు. ఆ తర్వాత ఇద్దరూ ఒకచోట కూర్చుని తినడం మానేశారు. ఒకే ఇంట్లో పొరుగువాళ్లలా తిరుగుతున్నారు.

ఇప్పుడు జావ తాగిస్తున్న మనిషిని చూస్తూ, వెంట్రుక సంగతి చెబుదామని నోటిదాకా తెచ్చుకుని మింగేసింది. ఇంకా తనకే అర్థం కాలేదు.

అర్థం కాలేదనడం కూడా పూర్తి నిజం కాదు. ఒక అనుమానం మెదిలింది. దాన్ని చూడాలంటేనే భయం వేసింది.

హేమావతికి తల్లి చిన్నప్పుడే పోయింది. ఆ లోటు తీర్చింది ఇందుమతి మేడమే. మూడో నెల అని మొదట చెప్పింది ఆవిడకే. అప్పటికి కొత్త రాగి పని ముమ్మరంగా సాగుతోంది. మామూలుగా మన పేగుల్లో ఒక కాపలా ఉంటుంది. ఒంటికి కావలసినంత ఇనుము చేరగానే తలుపు మూసేస్తుంది. ఇందుమతి తయారుచేసిన రాగి ఆ కాపలాని అడగదు. ఇనుమును ఒక తొడుగులో చుట్టుకుని నేరుగా లోపలికి తీసుకుపోతుంది. రక్తం లేని ఆడవాళ్లకు ఇక సూదులక్కర్లేదు, సంగటి ముద్ద చాలని ఆవిడ కల. మామూలు ఆడవాళ్లలో ఫలితం అద్భుతంగా వచ్చింది. గర్భిణుల దగ్గరికి వచ్చేసరికి, మనుషుల మీద పరీక్షలకు అనుమతినిచ్చే నీతి కమిటీ అడ్డం పడింది. ముందు జంతువుల్లో చూపించమంది.

హేమావతి మూడో నెల అని చెప్పిన వారంలోనే మేడం పిలిచి, "షెడ్డులో ఒక గొర్రె సూడికట్టింది హేమా. ఒక తొట్టికి విడిగా గుర్తు కలిపిపెట్టు. కడుపులో పిల్లకి ఎంత చేరుతుందో చూద్దాం" అంది. హేమావతి తన కడుపు తడుముకుని, పాపం దానికీ తనకీ ఒకేసారి అనుకుంటూ, ఇంకే తొట్టికీ వాడని పాళ్లు ఏరికోరి కలిపింది. యాభై ఏడు పదకొండు పాళ్లు, యాభై ఎనిమిది నాలుగు.

ఆరో నెల నుంచి మేడం ఇంటినుంచి రాగి లడ్లు రావడం మొదలైంది. బెల్లమూ నువ్వులూ వేసి, నెయ్యి ఓడుతూ. "నా చేత్తో చేశాను, ఎవరికీ పెట్టకు, నువ్వే తినాలి" అని ఎదురుగా కూర్చుని తినిపించేది. అంతటితో ఆగేది కాదు. నిద్ర పడుతోందా, వాంతులు తగ్గాయా, విరేచనం ఏ రంగులో అవుతోంది అని కన్నతల్లి కూడా అడగనన్ని అడిగేది. షెడ్డువైపు వెళ్లకు, ఆ వాసన నీకు పడదు అనేది. సీమంతానికి చేతినిండా గాజులు తొడిగిందీ ఆవిడే. నాకు అమ్మ లేదని ఎవరన్నారు అని హేమావతి ఆ రోజు మురిసిపోయింది.

మర్నాడు ల్యాబుకి వెళ్లి, మూడో పోగు పెట్టి, ఈసారి గీత ఎత్తు చూడలేదు. పాళ్లు అడిగింది. పదకొండుకి నాలుగు అని చూపించింది జాడ.

అయినా ఆశ చావక షెడ్డుకు నడిచింది. గొర్రెల్ని చూసుకునే నాగన్న గడ్డి విదిలిస్తున్నాడు.

"నాగన్నా, పోయినేడు ఈడ సూడి గొర్రె ఒకటి ఉండె గదా, అదేమైంది?"

"సూడి గొర్రె యాడిదమ్మా? పోయినేడంతా పొట్టేళ్లే గదా మేపింది. ఆడవి ఒక్కటీ లేకపోయె."

సూడి గొర్రె లేదు. కానీ సూడి గొర్రె ఫలితాలున్నాయి. వాటిని మేడం కమిటీ ముందు చదివినప్పుడు హేమావతి బాలింతగా ఇంట్లో ఉంది. సుఖంగా ఈనింది, పిల్ల ఆరోగ్యంగా ఉంది అని చదివిందట. ఒక్క గొర్రె చాలదని ఎవరో అంటే, ఆ రాగి పిండి గర్భిణులకు పంచేది మొదట నాలుగు మండలాల్లోనే కదా అని ఒప్పించిందట. ఆ పంపకం వచ్చే నెలే. హేమావతి తన కడుపుకి తన చేత్తోనే గుర్తు కలుపుకుంది. అంత నమ్మకంగా, అంత శ్రద్ధగా.

ఇందుమతి గదిలో ఫ్యాను తిరుగుతోంది. హేమావతి కూర్చోలేదు.

"మేడం, ఆ సూడి గొర్రె ఏమైంది?"

ఆవిడ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది. బుకాయించలేదు. అదీ ఆవిడ పెద్దరికమేనని హేమావతికి ఒక్క క్షణం అనిపించి, వెంటనే తనమీద తనకే అసహ్యం వేసింది.

"ఎలా తెలిసింది?"

"చిన్నోడి పుట్టువెంట్రుకలు. ఈ వారం ఖాళీ నమూనా నా వంతు."

ఇందుమతి కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. "నీ రక్తం, గోళ్లు అన్నీ నేనే చూసుకున్నాను. పిల్లాడి తలకి అన్నాళ్లు కత్తి తగలనివ్వరన్న సంగతే నాకు తట్టలేదు. పిల్లల్ని కన్నదాన్ని కాదు కదా." తర్వాత గొంతు మెత్తబడింది. "అప్పుడు నీకు రక్తం ఏడు కూడా లేదు హేమా. మా చెల్లెలికీ అంతే ఉండేది. పురిట్లో నా చేతుల్లోనే పోయింది. మందు చేతిలో పెట్టుకుని నిన్ను అలా చూస్తూ కూర్చోమంటావా?"

"నన్ను అడగాల్సింది."

"నువ్వు ఒప్పుకున్నా కమిటీ ఒప్పుకోదు. ఇక్కడ పనిచేసే మనిషిని తీసుకోకూడదు."

"కమిటీ మాట కాదు మేడం." హేమావతి బల్ల దగ్గరికి జరిగింది. "ఇది ఇంతవరకూ కడుపుతో ఉన్నోళ్లెవరూ తినలేదు, ఏమవుతుందో నాకూ తెలీదు, తింటావా అని మీరు ఒక్క మాట అడిగుంటే తినేదాన్ని. మీ చేత్తో ఏం పెట్టినా తినేదాన్ని. అడిగే అవసరమే లేదనుకున్నారు చూడండి, అది."

ఇందుమతి బల్లమీది కాగితాలు సర్దసాగింది.

"సరే, చెల్లెలు పోయింది, భయపడ్డారు, పెట్టారు. మరి మేనరికం అని ఎందుకన్నారు?"

ఆ ప్రశ్నకు జవాబు రాలేదు. హేమావతి గుమ్మం వైపు తిరిగింది. అప్పుడు మాట్లాడింది ఆవిడ.

"వెళ్లి అందరికీ చెబుతావు. నీ ఇష్టం. కానీ ఒకటి ఆలోచించు. నీ కొడుకు ఒంట్లో ఆ తలుపు ఇప్పుడు మూసుకుంటోందా, ఎప్పటికీ తెరుచుకునే ఉండిపోయిందా అన్నది చెప్పగలిగేది ఈ జాడ ఒక్కటే. దేశంలో ఇంకోటి లేదు. నువ్వు నోరు విప్పిన రోజే జాడ ఉన్న గదికి సీలు వేస్తారు. అప్పుడు వాణ్ణి ఎవరు చూస్తారు? నేను చూసుకుంటాను హేమా. వాడు పెద్దవాడయ్యేదాకా నేనే చూసుకుంటాను."

బెదిరింపే అది. కానీ లడ్డూ తినమ్మా అన్నప్పటి గొంతుతోనే అంది, తేడా ఇసుమంత కూడా లేదు. హేమావతికి ఏడుపు వచ్చింది అందుకే. ఇన్నాళ్లూ ఆ గొంతులో ఏది ప్రేమ, ఏది పరీక్ష అన్నది ఏ యంత్రం విడదీసి చెబుతుంది?

ఇంటికి వచ్చేసరికి ఓబులేశు పెరట్లో చేతుల నూనె కడుక్కుంటున్నాడు. ఆమె అక్కడే మెట్టుమీద కూర్చుంది.

"బావా, మేనరికం కాదు."

మొదటినుంచీ చివరిదాకా చెప్పింది. అతను కుళాయి కట్టేయడం మరిచిపోయాడు. చివరికి పక్కన వచ్చి కూర్చుని, "ఇన్నాళ్లూ నీ మొగం చూడలేకపోయినా హేమా" అన్నాడు. "మా అమ్మని తిట్టుకున్నా, మీ నాయనని తిట్టుకున్నా. మనకి పెండ్లి చేసినోళ్లనందర్నీ తిట్టుకున్నా. ఆ మేడం మనింట్లో అన్నం తిని పోయె గదా."

అతను ఏడవడం హేమావతి ఎన్నడూ చూడలేదు. ఆమెకు ఇందుమతి మీద అసలైన కోపం అప్పుడొచ్చింది. అప్పటిదాకా వచ్చింది దుఃఖం.

"చెప్తే గదికి సీలేస్తారు. చిన్నోడిని చూసే యంత్రం ఉండదు" అంది.

"అట్లయితే వీనికెట్ల?"

"నాకూ తెలీదు బావా. వచ్చే నెల ఆ పిండి నాలుగు మండలాల్లో కడుపుతో ఉన్నోళ్లకి పంచుతారు. రేపు వాళ్ల పిల్లోళ్లకి పొట్ట ఎత్తితే, మనకి మేనరికం అన్నట్టే వాళ్లకీ ఏదో ఒకటి అంటారు."

ఓబులేశు లోపల ఆడుకుంటున్న పిల్లాడివైపు చాలాసేపు చూశాడు. ఒప్పుకోవడం అతనికి తేలిక కాలేదు. ఒకసారి లేచి వెళ్లి వాణ్ణి ఎత్తుకుని, మళ్లీ దించి వచ్చాడు.

"వాళ్లకి ల్యాబుల్లో పనిచేసే అమ్మలు లేరు గదా" అన్నాడు చివరికి. "పోయి చెప్పు."

కమిటీ ముందు హేమావతికి మాటలు తడుముకోవలసి వస్తుందేమోనని భయం ఉండేది. రాలేదు. పొడుగాటి బల్లకి అటువైపు కూర్చున్న పెద్దమనుషులు గొర్రె ఫలితాలు ముందు పెట్టుకుని, ఇందులో మీ అభ్యంతరం ఏమిటి అని అడిగారు.

"ఆ సూడి గొర్రె నేనేనండి" అంది.

పంపకం ఆగిపోయింది. ఇందుమతిని పక్కన పెట్టారు. గదికి సీలు పడింది, ఆవిడ చెప్పినట్టే. ల్యాబులో కొందరు హేమావతిని పలకరించడం మానేశారు, పెద్దావిడ బతుకు బజారున పెట్టిందని. పక్కింటామె ప్రేమగా పంపిన పాయసాన్ని హేమావతి రుచైనా చూడకుండా పారబోసి, ఆమె ముందు చాలా బాగుందని అబద్ధం చెప్పింది. ఇంకొకరి చేతివంట ఆమె గొంతు దిగడం లేదు. ఓబులేశు వండితే తింటుంది, అదీ అతను ముందు ముద్ద పెట్టుకున్నాక. ఎందుకలా ఆగుతోందో అతనికి తెలుసు. తెలిసినట్టు ఏనాడూ బయటపడలేదు.

పిల్లాడికి మందు సాగుతూనే ఉంది. పొట్ట కాస్త తగ్గింది. అయితే ఆ మందు ఎన్నాళ్లు ఇవ్వాలో డాక్టరుకే తెలియదు. కడుపులో ఉండగా చేరిందే ఇదంతా అయితే, పెరిగేకొద్దీ సర్దుకుంటుంది. లేదూ, ఆ కొత్త రాగి వాడి పేగుల్లో కాపలానే చెరిపేసి ఉంటే, వాడు తినే ప్రతి ముద్దలో ఇనుమూ జీవితాంతం లోపలికి పోతూనే ఉంటుంది. తేల్చడానికి ఒక్కటే దారి. గుర్తు వేసిన మామూలు రాగి వాడి చేత తినిపించి, ఒంట్లో ఎంత నిలిచిందో చూడాలి. హేమావతి కాళ్లరిగేలా తిరిగింది. ఎక్కని గడప లేదు. పిల్లాడికి ఏడాదిన్నర నిండాక, విచారణ చేస్తున్నవాళ్లు ఒక్కసారికి, ఈ ఒక్క పిల్లాడి కోసం, సీలు తీయడానికి ఒప్పుకున్నారు. గుర్తు కలపడానికి వేరే మనిషి ఎవరూ లేరు.

చిన్న గిన్నెలో రాగి జావ కాచింది. బెల్లం వేసి, వాడికి ఇష్టమని నెయ్యి చుక్క వేసి, చల్లారనిచ్చింది. చిన్న సీసాలోంచి ఎంత కావాలో అంత కలిపింది. కలుపుతుంటే చెయ్యి ఆగిపోయింది. నెయ్యి, బెల్లం, గుర్తు. ఇందుమతి కూడా ఇలాగే నిలబడి కలిపి ఉంటుంది, ఇంతే జాగ్రత్తగా, బహుశా ఇంతే ప్రేమగా. గిన్నె పారబోద్దామా అనిపించింది. పారబోస్తే వాడి సంగతి ఎప్పటికీ తెలియదు.

ఓబులేశు పిల్లాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. ఆమె ఎదురుగా నేలమీద కూర్చుంది. చెంచా నింపి, సగం దూరంలో ఆపింది.

"చిన్నోడా, ఇందులో గుర్తు కలిపినా. నీ ఒంట్లో తలుపు మూసుకుంటాందా లేదా చూసేదానికి. నొప్పి ఉండదు. తింటావా?"

"వానికేం తెలుస్తాది హేమా" అన్నాడు ఓబులేశు మెల్లగా.

"తెలీదు. అయినా అడగాల."

వాడు గిన్నెకేసి చూడలేదు. వాళ్లమ్మ మొహమే చూస్తున్నాడు. ఆమె ఇంకా ఏదో చెప్పబోతుంటే, అదేమీ పట్టించుకోకుండా, నోరు బారెడు తెరుచుకుని కూర్చున్నాడు.